మణికట్టుపై కంప్యూటర్... మాట్లాడేదెవరితో?

వెయ్యి రూపాయలకే స్మార్ట్ వాచీ... నెలనెలా రీచార్జీయే అసలు భారం
భీమవరం వైఫై ప్రయోగం, 108 వాహనం చెబుతున్నదేమిటి?

భీమవరం: మండల కేంద్రాల్లోని సెల్‌ఫోన్ దుకాణాల్లో సైతం ఇప్పుడు స్మార్ట్ వాచీలు వరుసగా వేలాడుతున్నాయి. వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు వెచ్చిస్తే చాలు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, రోజుకు ఎన్ని అడుగులు నడిచారో, రాత్రి ఎంతసేపు నిద్ర పట్టిందో లెక్కగట్టి చూపే చిన్న కంప్యూటర్ చేతికి వస్తోంది. ఒకప్పుడు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకే పరిమితమైన ఈ పరికరం నేడు రొయ్యల చెరువు గట్లపై, ధాన్యం కల్లాల వద్ద కూడా దర్శనమిస్తోంది. వాచీ గమనించిన విషయం ఎవరికి చేరుతోంది, చేరేందుకు దారి ఉందా, చేరిన తరువాత ఎవరైనా కదులుతారా అన్న ప్రశ్నలను మాత్రం కొనేవారు గానీ, అమ్మేవారు గానీ వేసుకోవడం లేదు. ఒంటిపై ధరించే కంప్యూటర్ల భవిష్యత్తు, ముఖ్యంగా పల్లెల్లో, ఈ మూడు ప్రశ్నలపైనే ఆధారపడి ఉంది.

ధర దిగింది... మోజూ తగ్గింది

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1990వ దశకంలోనే అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ మాన్, థాడ్ స్టార్నర్ వంటి పరిశోధకులు కంటి ముందు చిన్న తెర, ఒంటిపై కంప్యూటర్ తగిలించుకుని తిరిగేవారు. ఆ పరిశోధనల కొనసాగింపుగా వచ్చిన గూగుల్ గ్లాస్‌ను 2013లో 1,500 డాలర్లకు విక్రయించారు. జనం ఆదరించకపోవడంతో 2015 జనవరిలో సాధారణ వినియోగదారులకు అమ్మకాలు నిలిపివేశారు. కళ్లజోడు ఓడిపోయిన చోట గడియారం గెలిచింది. 2015 ఏప్రిల్‌లో మి బ్యాండ్ రూ.999కే మన దేశ విపణిలోకి రాగా, అదే ఏడాది నవంబరులో వచ్చిన ఆపిల్ వాచీ ధర సుమారు రూ.30 వేల నుంచి మొదలైంది. ఈ రెండు ధరల మధ్యనున్న ఖాళీని దేశీయ బ్రాండ్లు, చైనా విడిభాగాలు చకచకా పూరించాయి.

మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం 2023లో దేశంలో 5.3 కోట్లకు పైగా స్మార్ట్ వాచీలు విపణికి చేరాయి. 2024లో ఆ సంఖ్య సుమారు 3.5 కోట్లకు పడిపోయింది. ఏడాదిలో మూడో వంతు తగ్గిందన్నమాట. ధర పెరిగినందువల్ల కొనుగోళ్లు తగ్గాయనుకోవడానికి వీల్లేదు. మొదటి వాచీ కొన్నవారికి రెండోది కొనవలసిన అవసరం కనిపించలేదన్నదే సహేతుకంగా తోస్తోంది. అడుగుల లెక్క నెల రోజులు ముచ్చటగా ఉంటుంది. పొలానికి, ఇంటికి మధ్య నిత్యం తిరిగే మనిషికి తాను ఎంత నడిచాడో వేరొకరు చెప్పనక్కర్లేదు.

అంకె కనిపించినంత మాత్రాన...

చవక వాచీలు చూపే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చన్నది మరో చిక్కు. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి చర్మంలోకి వెళ్లి, రక్తప్రవాహాన్ని బట్టి హెచ్చుతగ్గులతో తిరిగి వస్తుంది. ఆ మార్పులను లెక్కించి నాడి వేగాన్ని అంచనా వేస్తారు. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. గడ్డపార పట్టినప్పుడు, వరి మోపు ఎత్తినప్పుడు, చెమట పట్టినప్పుడు లెక్క తప్పే అవకాశం ఎక్కువ. చవక రకాల్లో కొన్నింటిని అరటిపండుకు చుట్టినా నాడి కొట్టుకుంటున్నట్లు చూపడం తెలిసిన సంగతే. రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరాలు నల్లని చర్మం గలవారిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపే ప్రమాదం ఉందని కరోనా కాలంలో, 2020 డిసెంబరులో, అమెరికా వైద్యులు ప్రకటించారు. అదీ ఆసుపత్రుల్లో వాడే పరికరాల విషయంలోనే.

చక్కెర వ్యాధిగ్రస్తులు మరింత జాగ్రత్త పడాల్సి ఉంది. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చెబుతామంటూ అమ్ముతున్న వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానుగా చక్కెర కొలిచే వాచీకి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఖరీదైన వాచీల సంగతి వేరు. ఆపిల్ 2018లో తెచ్చిన వాచీ ఈసీజీ తీస్తుంది. ఆ సదుపాయం 2019లో మన దేశంలోనూ అందుబాటులోకి వచ్చింది. గుండె లయ తప్పడాన్ని అది పట్టుకోగలదు. అయితే గుండెపోటును గుర్తించలేదని తయారీ సంస్థే చెబుతోంది. ఆసుపత్రిలో ఛాతీకి, కాళ్లకు, చేతులకు తీగలు తగిలించి పన్నెండు కోణాల నుంచి గుండెను చూస్తే, వాచీ ఒక్క కోణం నుంచి చూస్తుంది. రోగికి ఛాతీలో నొప్పి వస్తుండగా వాచీ అంతా సవ్యంగానే ఉందని చెప్పే ప్రమాదం ఉందన్న సంగతి వాచీ కొనిచ్చిన పిల్లలు గుర్తుంచుకోవాలి.

గోదావరి డెల్టాలో ఈ మాట ప్రత్యేకించి చెప్పుకోవాలి. పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడి, ఇక్కడ పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పడిపోతే గుర్తించి కబురు పంపే వాచీలను పిల్లలు పండగకు వచ్చినప్పుడు తెచ్చి చేతికి తొడిగి వెళుతున్నారు. ఆ వాచీ ఫోనుకు బ్లూటూత్ ద్వారా అనుసంధానమై పనిచేస్తుంది. సొంత సిమ్ ఉన్న రకాలు ఖరీదెక్కువ. ఫోను హాల్లో ఛార్జింగులో ఉండి, మనిషి పెరట్లో బావి దగ్గర పడిపోతే కబురు కదలకపోవచ్చు. కదిలినా, అది డల్లాస్‌లో ఉన్న కొడుక్కి చేరి, అతడు లేచి పక్కింటివారికి ఫోను చేసి, వారు వచ్చి చూసి 108కు ఫోను చేయవలసి ఉంటుంది. వేల మైళ్లు క్షణంలో దాటిన కబురు ఆఖరి వంద గజాల దగ్గర మళ్లీ మనిషి కాళ్ల మీదే నడవాలి.

గాలిలో దారి వేసిన రోజులు

చవకైన వైర్‌లెస్ అనుసంధానం కోసం ఈ జిల్లాలో జరిగిన ఒక ప్రయత్నం నేడు చాలామందికి గుర్తులేదు. పల్లెల్లో ఇంటర్నెట్ అంటే ల్యాండ్‌లైను ద్వారా నత్తనడకన సాగే డయలప్ మాత్రమే తెలిసిన కాలంలో, బైర్రాజు ఫౌండేషన్ భీమవరం పరిసర గ్రామాలను వైఫైతో కలిపేందుకు పూనుకుంది. 'అశ్విని' పేరుతో సాగిన ఈ పథకం అనుభవాలను భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనే పరిశోధకులు 2007లో అంతర్జాతీయ సాంకేతిక పత్రికలో ప్రచురించారు. వారు అంతకుముందే ఐఐటీ కాన్పూర్ తరఫున గంగా మైదానంలో ఇదే తరహా ప్రయోగాలు చేశారు.

ఇంట్లో నాలుగు గోడల మధ్య వంద మీటర్లు కూడా పోని వైఫై సంకేతాన్ని, ఒకే దిక్కుకు గురిపెట్టే ఏంటెనాలతో కిలోమీటర్ల దూరం పంపవచ్చని వారు చూపించారు. అందుకు కావలసిన 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆరుబయట లైసెన్సు లేకుండా వాడుకునేందుకు కేంద్రం 2005లో అనుమతించడం కలిసివచ్చింది. వైఫై పరికరం కొన్ని వేల రూపాయలకే దొరికేది. ఖర్చంతా టవరుదే. రెండు ఏంటెనాలు ఒకదానికొకటి నేరుగా కనిపించాలి. నేల బల్లపరుపుగా ఉన్న డెల్టాలో కొండలు అడ్డు రావు గానీ కొబ్బరి చెట్లు వస్తాయి. వాటిని మించిన ఎత్తుకు ఇనుప స్తంభం లేపితేనే పని జరుగుతుంది. గ్రామాల్లో దూరవైద్యం, దూరవిద్య, వ్యవసాయ సలహాలు అందించడం ఈ పథకం ఉద్దేశం. వాడుకదారు ఇంట్లో కూర్చుని సినిమా చూడడం ఎవరి ఊహలోనూ లేదు.

ఇదే తరహా వైఫైని ఆ రోజుల్లోనే తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉపయోగించుకుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సాంకేతిక సాయం అందించారు. పల్లెలోని దృష్టి కేంద్రంలో శిక్షణ పొందిన సిబ్బంది కన్ను పరీక్షిస్తే, తేనిలోని వైద్యుడు తెరపై రోగితో మాట్లాడి నిర్ణయం చెప్పేవాడు. అవతలి కొసన జీతం తీసుకుంటున్న వైద్యుడు, నిర్ణీత వేళలు, శస్త్రచికిత్స అవసరమైతే ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు ఉండడం వల్లనే ఆ విధానం నిలబడింది.

భీమవరం ప్రయోగానికి ఆ అదృష్టం దక్కలేదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం వెలుగుచూశాక బైర్రాజు ఫౌండేషన్ కార్యక్రమాలు మునుపటి తీరున సాగలేదు. సెల్‌ఫోన్ కంపెనీల డేటా సేవలు కూడా పల్లెలకు పాకడంతో ఊరికొక వైఫై టవరు అన్న ఆలోచనే వెనుకబడింది.

నంబరు మారలేదు

అదే బి.రామలింగరాజు చొరవతో మొదలైన మరో సేవ మాత్రం ఆ తుపానును తట్టుకుని నిలిచింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అత్యవసర సేవకు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఖరీదైన ఫోను అక్కర్లేదు. మూడు అంకెలు నొక్కగలిగితే చాలు. అవతల ఒకరు ఫోను ఎత్తుతారు, వాహనం బయలుదేరుతుంది. నిర్వహణ వ్యయాన్ని ప్రభుత్వం భరించడంతో కుంభకోణం తరువాత కూడా సేవ ఆగలేదు. ఆ తరువాత నిర్వాహక సంస్థలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, వాహనాల రంగులూ మారాయి. నంబరు మారలేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. సాంకేతికంగా 'అశ్విని' ఎంతో ముందున్నది. 108 ఉపయోగించుకున్నది అప్పటికే జనం చేతిలో ఉన్న మామూలు సెల్‌ఫోన్ మాటను. 2003 నుంచి వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే పని తప్పడం, రిలయన్స్ రూ.501కే ఫోను ఇవ్వడం వంటి పరిణామాలతో సెల్‌ఫోన్ కూలీల దాకా చేరింది. ఆ చవకదనానికి బాధ్యత గల అవతలి కొసను జోడించినందువల్లే 108 నిలిచింది. నేటి స్మార్ట్ వాచీకి ఇంతవరకూ అటువంటి అవతలి కొస లేదు.

పైసా విలువ చేయని కబురు... రూ.199 రీచార్జీ

డేటా చవకైందన్న మాటలో అబద్ధం లేదు. 2014లో ఒక జీబీకి సుమారు రూ.269 ఉన్న సగటు వ్యయం, 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం తరువాత పడిపోయి, 2024 నాటికి రూ.10 దిగువకు చేరినట్లు కేంద్ర ప్రభుత్వ గణాంకాలు చెబుతున్నాయి. ప్రపంచంలోనే అతి చవక దేశాల్లో మనది ఒకటి. అయితే ఈ చవకదనం ఎవరికన్నది ప్రశ్న. రోజుకు రెండు జీబీల వీడియోలు చూసేవారికి ఇది వరమే.

ఒంటిపై ధరించే పరికరానికి కావలసింది అంత కాదు. నాడి వేగం, శరీర ఉష్ణోగ్రత, మనిషి ఉన్న చోటు... ఇవన్నీ కలిపినా వంద అక్షరాలకు మించని కబురు. అయిదు నిమిషాలకొకసారి పంపినా రోజుకు 288 కబుర్లు, అంటే 29 కిలోబైట్ల లోపే. నెలంతా పంపినా ఒక మెగాబైటు నిండదు. జీబీకి రూ.10 చొప్పున లెక్కిస్తే దాని విలువ నెలకు ఒక్క పైసా కూడా కాదు.

ఆ పైసా కబురు పంపాలంటే మాత్రం సిమ్ బతికి ఉండాలి. 2024 జులైలో ఛార్జీలు పెంచినప్పుడు ఎయిర్‌టెల్ కనీస నెలవారీ ప్యాకు రూ.179 నుంచి రూ.199కి చేరింది. అదీ నెలకు కాదు, 28 రోజులకు. క్యాలెండరులో పన్నెండు నెలలే ఉన్నా రీచార్జీలు పదమూడు. ఆ లెక్కన ఏడాదికి రూ.2,587 అవుతుంది. చేతికి పెట్టుకున్న వాచీ ధరకు రెండింతలు. అంతకు కొన్నేళ్ల ముందు పది రూపాయల టాపప్‌తో సిమ్ నెలలపాటు బతికేది. వచ్చే కాల్స్ కోసమే ఫోను ఉంచుకునే వృద్ధులకు, కూలీలకు జీబీ ధర తగ్గడం కంటే ఆ పది రూపాయల టాపప్ పోవడమే పెద్ద మార్పు.

ఈ అసంతృప్తి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాకా చేరకపోలేదు. డేటా అక్కర్లేనివారి కోసం మాటలకు, సంక్షిప్త సందేశాలకు మాత్రమే పరిమితమైన ప్యాకులు విధిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని ప్రకటించాయి. మూడు నెలలకు నాలుగు వందల పైచిలుకు రూపాయలు పెట్టడంతో ఆశించిన ఊరట కలగలేదన్న విమర్శ వచ్చింది. డేటా బొత్తిగా వద్దనేవారికి ఒక దారి చూపారు, రెండు జీబీలు కావాలనేవారికి ఎన్నో దారులున్నాయి. అతి తక్కువ డేటా, నిరంతరాయంగా కావలసినవారి గురించి ఎవరూ ఆలోచించినట్లు లేదు.

సాంకేతికంగా మార్గం లేకపోలేదు. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ తరంగాలను కేంద్రం 2005లోనే లైసెన్సు నుంచి మినహాయించింది. 2021లో దాన్ని 868 దాకా పెంచింది. ఈ తరంగాలపై 'లోరా' అనే పద్ధతిలో చిన్న చిన్న కబుర్లను కొన్ని కిలోమీటర్ల దూరం పంపవచ్చు. చిన్న బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది, నెలవారీ రుసుము ఉండదు. మాట్లాడడానికి, బొమ్మలు పంపడానికి ఇది పనికిరాదు. పంచాయతీ కార్యాలయం పైనో, నీళ్ల ట్యాంకు పైనో ఒక గ్రాహకం అమర్చితే ఊరంతటికీ సరిపోవచ్చు. చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలకు, నీటి మీటర్లకు ఈ మార్గం అనువైనదే. మనుషుల ఆరోగ్యానికి దీన్ని వాడాలంటే ఆ గ్రాహకం ఎవరిది, కరెంటు పోతే ఎవరు చూస్తారు, అర్ధరాత్రి వచ్చిన హెచ్చరికను ఎవరు చదువుతారు అన్నవి ముందుగా తేలాలి.

సముద్రంపై సాగుతున్న పని ఈ విషయంలో కొంత దారి చూపుతోంది. సెల్ సిగ్నల్ అందనంత దూరం వెళ్లే మత్స్యకారుల పడవలకు ఇస్రో పరిజ్ఞానంతో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని ప్రధానమంత్రి 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. తీర రాష్ట్రాలన్నింటికీ కలిపి లక్ష పడవలకు సుమారు రూ.360 కోట్లతో వీటిని ఉచితంగా అమర్చాలన్నది లక్ష్యం. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా తీరానికి కబురు వెళుతుంది, తీరం నుంచి తుపాను హెచ్చరిక పడవకు వస్తుంది. పంపేది కొద్ది అక్షరాలే. వినడానికి అధికారిక వ్యవస్థ ఉంది, మత్స్యకారునికి నెలవారీ రీచార్జీ బెడద లేదు.

గేదె కాలికి ముందే వచ్చింది

విచిత్రమేమిటంటే, పల్లెల్లో ఒంటిపై ధరించే కంప్యూటర్ లాభసాటిగా పనిచేస్తున్నది మనుషుల కంటే ముందు పశువుల మీదే. బెంగళూరుకు చెందిన స్టెలాప్స్ సంస్థ పాడి పశువుల కాలికి కట్టే పరికరాన్ని కొన్నేళ్లుగా అందిస్తోంది. ఎదకు వచ్చిన పశువు మామూలు కంటే ఎక్కువగా తిరుగుతుంది. ఆ అడుగుల లెక్కను బట్టి ఎదను గుర్తించి రైతుకు కబురు పంపుతారు. ఒక ఎద దాటిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అన్ని రోజుల మేత, అన్ని రోజుల పాలు నష్టమే. గేదెల్లో పైకి లక్షణాలు కనిపించని మూగ ఎద ఎక్కువ. అందులోనూ రాత్రివేళ వచ్చి పోతుంటుంది. కాబట్టి కబురు అందితే రైతు ఏం చేయాలో అతడికి తెలుసు. కృత్రిమ గర్భధారణ చేసేవారికి ఫోను చేస్తాడు, ఫలితం కళ్ల ముందు కనిపిస్తుంది. అందుకే అడుగుల లెక్క మనిషికి కాలక్షేపమైనా గేదె విషయంలో ఆదాయమైంది.

కూలీ చేతికి తొడిగితే...

మనుషుల చేతికి యజమాని తొడిగిన చోట కథ మరోలా నడిచింది. నాగ్‌పూర్, చండీగఢ్, పంచకుల వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు తగిలించి, వారు ఎక్కడున్నారో కార్యాలయంలో కూర్చుని చూసే పద్ధతి 2020 నాటికే అమల్లోకి వచ్చింది. వాచీ తీస్తే వేతనంలో కోత పడుతుందన్న భయంతో కార్మికులు ఆందోళనకు దిగారు. మహిళా కార్మికులు మరుగుదొడ్డికి వెళ్లడానికి సైతం సంకోచించిన పరిస్థితి వార్తలకెక్కింది. ఆ వాచీకి సిగ్నల్ కొరత లేదు, రీచార్జీ ఎవరు కడతారన్న ప్రశ్నా రాలేదు. కనిపెట్టి ఉండేందుకు మాత్రం డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది కాబోలు.

అదే వాచీ వేసవిలో కార్మికుని శరీర వేడిని గమనించి, నీడకు వెళ్లమని చెప్పి, పర్యవేక్షకుడికి కబురు పంపి ఉంటే దాన్ని ఎవరూ కాదనేవారు కాదు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. వారిలో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులే అధికం. నాడి వేగం, చర్మపు వేడిని బట్టి వడదెబ్బ ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరికరాలపై పలు దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. మనకు పనికివచ్చే వాచీ ఏదైనా ఉంటే అది ఇదే. అయితే విరామం ఇస్తే కూలి తెగుతుందన్న నియమం ఉన్నంతవరకు హెచ్చరిక వచ్చినా కూలీ నీడకు వెళ్లడు.

సమాచారం ఎవరిదన్న వివాదమూ ఇక్కడే మొదలవుతుంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో గాని నోటిఫై కాలేదు. కీలకమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం సమ్మతి గురించి చెబుతోంది. ఇంగ్లిషులో ఉన్న షరతుల కింద 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడం, ఉద్యోగం పోతుందన్న భయంతో చేయి చాచడం ఏపాటి సమ్మతో వేరే చెప్పనక్కర్లేదు.

కొండకు ఇంకా దూరమే

డెల్టాలో సమస్య రీచార్జీ అయితే, మన్యంలో అసలు టవరే సమస్య. సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో రూ.26,316 కోట్లు మంజూరు చేసింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించగా వాటిలో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ సేవలను దేశవ్యాప్తంగా ప్రారంభించారు. ఇవన్నీ మంచి పరిణామాలే. అయితే కొండమీది టవరు కరెంటుతో బతుకుతుంది. గాలివానకు లైను తెగితే బ్యాటరీ ఉన్నంతసేపే సిగ్నల్. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖ మహానగరమే రోజుల తరబడి మూగబోయింది. ఇక లోతట్టు గూడేల సంగతి చెప్పాలా? ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫొటోలతో ఆన్‌లైన్ హాజరును 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసినప్పుడు సిగ్నల్ లేని ప్రాంతాల కూలీల నుంచి నిరసన వచ్చింది. పని చేసిన మనిషి అక్కడే ఉన్నా, ఫొటో చేరకపోతే పని చేయనట్లే లెక్క.

ఈసీజీ వెళుతోంది... సిమ్ దొరకదు

రాష్ట్రంలో అవతలి కొస ఎలా ఉండాలో చూపే ఉదాహరణ ఒకటి ఉంది. గుండెపోటు బాధితుల కోసం 2023లో మొదలుపెట్టిన స్టెమీ కార్యక్రమంలో చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె వైద్య నిపుణుడికి పంపుతారు. తిరుపతి, కర్నూలు, గుంటూరు, విశాఖలలోని పెద్దాసుపత్రులు ఇందుకు కేంద్రాలు. గుండెపోటేనని నిపుణుడు నిర్ధారిస్తే, సుమారు రూ.40 వేల విలువైన గడ్డ కరిగించే సూదిమందును అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. నొప్పి మొదలైన తొలి గంటలోనే ఇది జరిగితే ప్రాణం దక్కే అవకాశం ఎంతో పెరుగుతుంది. ఇందులో ఒంటిపై ధరించే వాచీ ఏదీ లేదు. యంత్రం, దారి, నిపుణుడు, మందు... నాలుగూ ఒకే గొలుసులో ఉన్నాయి.

ఈ గొలుసును ఆసుపత్రి గడప నుంచి రోగి ఇంటి దాకా పొడిగించాలంటే మొదట కావలసింది చిన్న కబుర్లకు సరిపోయే చవక అనుసంధానం. అది దేశంలో లేనిది కాదు. యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునేందుకు 2018 జులై నుంచి 13 అంకెల ప్రత్యేక నంబర్లు కేటాయిస్తున్నారు. స్మార్ట్ కరెంటు మీటర్లలో, వాహనాల జాడ తెలిపే పరికరాల్లో వాడే సిమ్‌లు ఈ తరహావే. వీటిని తక్కువ డేటాతో, టోకు ధరకు, ఏడాది పొడవునా బతికి ఉండేలా కంపెనీలు తీసుకుంటున్నాయి. నమోదైన సంస్థలకే తప్ప విడిగా వ్యక్తులకు ఇవి ఇవ్వరు. పెదనాన్నకు గుండెజబ్బు ఉందనో, ఇంట్లో అమ్మ ఒంటరిగా ఉందనో చెప్పి దుకాణంలో అడిగితే, చేతిలో పెట్టేది 28 రోజుల ప్యాకు ఉన్న మామూలు పది అంకెల సిమ్ మాత్రమే. జిల్లా వైద్య, ఆరోగ్య శాఖ గానీ, ఆరోగ్య కేంద్రం గానీ సంస్థగా నమోదై తమ రోగుల కోసం ఆ సిమ్‌లు తీసుకోవడానికి నిబంధనలు అడ్డు రావు. అలా తీసుకోవాలన్న ప్రతిపాదన మాత్రం ఇంకా ఏ బడ్జెట్‌లోనూ చోటుచేసుకోలేదు.